పిప్పలి చెప్పు హితవు



శొంఠి లేని కషాయము లేదని లోకోక్తి. ఆ శొంఠికి పిప్పళ్లును మిరియములును తోడైనచో త్రికటుకమగును. మన వైద్యులు దీనిని పెక్కు యోగములలో చేర్చుట వట్టి ఆచారము కాదు. చరకసంహిత పిప్పలిని యోగవాహి యన్నది. అనగా తోడి ద్రవ్యముల గుణమును వహించి నడపునది.

నేటి శాస్త్రము దీనికి కారణమును చూపుచున్నది. పిప్పళ్లయందును మిరియములయందును పైపెరిన్ అను సారము గలదు. ప్రేగులును కాలేయమును ఔషధమును విరిచివేయు పనిని అది మందగింపజేయును. 1998లో బెంగుళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్ అను పసుపుసారమునకు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ జోడించి యీయగా, రక్తమును చేరిన కర్కుమిన్ సుమారు 20 రెట్లు హెచ్చెను.

ఇది విని గర్వించుట సహజమే. కాని పసుపునకు బలమిచ్చిన యా గుణమే మూర్ఛకిచ్చు ఫెనిటోయిన్‌ను, ఉబ్బసమునకిచ్చు థియోఫిలిన్‌ను సైతము రక్తమున హెచ్చించును. వైద్యుడు తూచి యిచ్చిన మోతాదు రోగి యెరుగకయే మితిమీరును. చారులోని నాలుగు మిరియములకు భయపడ నక్కరలేదు. అనుదినము సేవించు చూర్ణములు, గుళికల మాట వేరు. “ఆకుమందు గదా, హాని యేమి?” యనువారు దీనిని యోచింపవలయును. పిప్పలిని మెచ్చిన చరకసంహితయే దానిని అతిగా సేవింపరాదని విధించినది.

కావున వైద్యుని యొద్దకేగునపుడు ఇంటి చూర్ణమును గూడ చెప్పుడు. వైద్యులును అడుగుదురు గాక. పూర్వుల మెప్పును గ్రహించి వారి హెచ్చరికను విడుచుట భక్తి కానేరదు.