కెమెరా తూనిక

నడచుచు చిత్రము తీయువాని ప్రతి అడుగును తెరపై కుదుపుగా కనబడును. ఇండ్లలో తీసిన పెండ్లి చిత్రములు చూచిన శ్రోతలకు ఇది అనుభవమే. ఈ లోపమును తొలగించుటకు అమెరికా దేశీయుడైన గారెట్ బ్రౌన్ 1970ల దశాబ్దిలో స్టెడీకామ్ అను సాధనమును నిర్మించెను. 1976లో విడుదలయిన ‘బౌండ్ ఫర్ గ్లోరీ’ చిత్రమునకు దానిని తొలుత వినియోగించిరి. చేతబట్టు చిన్న సాధనములు తరువాత వచ్చినవి. వీనికెల్ల ప్రాణము తూనిక.

నిలువు కడ్డీ పైకొనను కెమెరా, క్రిందికొనను బరువులు ఉండును. నడుమ ఎటైనను తిరుగు పిడి కలదు. కావడి మోయువాడు బద్దను జరిపి సరిచూచుకొనునట్లు, మొదట కెమెరాను ముందువెనుకలకు, కుడియెడమలకు కొద్దికొద్దిగా జరిపి, కడ్డీ నిటారుగా నిలుచునట్లు చేయవలెను.

పిమ్మట పిడిని పట్టుకొని, కడ్డీని అడ్డముగా త్రిప్పి విడువవలెను. రెండు మూడు సెకనులలో అది మెల్లగా నిలువునకు వచ్చినచో తూనిక కుదిరినట్లే. అంతకన్న త్వరగా దిగినచో క్రిందిబరువు హెచ్చు. నడక ఆరంభించినపుడును, ఆపినపుడును లోలకమువలె ఊగును. ఎంతకును దిగనిచో క్రిందిబరువు చాలదు. లెన్సు మార్చినప్పుడెల్ల మరల సరిచూడవలెను.

నేటి మోటారు సాధనములకును ఈ నియమము తప్పదు. తూనిక తప్పినచో మోటారులు శ్రమపడి, బ్యాటరీ త్వరగా తరిగిపోవును.

తూనిక లేని సాధనమును చేతిబలముతో నిలుపజూచినచో ఆ బిగిపట్టే కుదుపై తెరకెక్కును. కుదిరినదానికి వ్రేలికొనల స్పర్శ చాలును. తలంబ్రాల ఘడియ మరల రాదు. కనుక తూనికను ముందే చూచుకొనవలెను.