చక్రముల మీది ఇంట చాకిరేవు

ప్రయాణమునకు పెట్టె సర్దునప్పుడు ఎన్ని జతల బట్టలు కావలెనని మనమందరము లెక్కింతుము. మాసినవాటిని ఏమి చేయవలెనని లెక్కించువారు తక్కువ. బంధువుల ఇంట దిగినచో వారి పెరటిలో దండెము ఉండును. సత్రములో దిగినచో నూతిగట్టు ఉండును. కాని ఇల్లే బండి అయి, ఆ బండి నీరు కరవైన సీమలో నడచునప్పుడు ఈ చిన్న సంగతి పెద్దదగును. నేడు శ్రోతలకు మనవి చేయబోవునది దానిని గురించియే.

సినిమా తారల పుణ్యమా అని 'కారవాన్' అను మాట మనకు పరిచితమైనది. పడకలు, చిన్న వంటగట్టు, మరుగుదొడ్డి, నీటితొట్టి అమర్చిన పెద్ద వ్యాను అది. కేరళ ప్రభుత్వము 2021లో ఇట్టి బండ్లలో యాత్రలను ప్రోత్సహించుటకు ఒక పథకమును ప్రారంభించినది. మన నగరములలోను ఇవి అద్దెకు దొరకుచున్నవి. కాపురము దారినెక్కుట మనకు కొత్త గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో పెద్ద పరివారముతో చెన్నపట్నమునుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరిరి. ఆయన వ్రాసిన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకి నీటి వసతి ప్రసక్తి వచ్చును. అంతమందికి పదునైదు మాసములు బట్టలు ఎవరు ఉదికిరో, ఏ రేవున ఉదికిరో తెలిసికొనవలెనని గృహిణినైన నాకు కుతూహలము కలుగును!

గత జ్యేష్ఠమాసమున మేము ఐదుగురము, నేను, మావారు, మా అత్తగారు, పిల్లలిద్దరు, అద్దెబండిలో హైదరాబాదునుండి బయలుదేరి, అనంతపురము, పెనుకొండ, లేపాక్షి చూచి పుట్టపర్తి చేరి, కదిరి మీదుగా తిరిగి వచ్చితిమి. ఎనిమిది దినముల ప్రయాణము. బండి తొట్టిలో నూరు లీటర్ల నీరు పట్టును. స్నానములకు దారిలోని వసతిగృహములు ఉండనే ఉన్నవి. త్రాగుటకు, వంటకు 25 లీటర్లు, ముఖములకు, చేతులకు, పాత్రలకు 40, మరుగుదొడ్డికి 20 పోగా, బట్టలకు మిగిలినది 15 లీటర్లు. మన ఇండ్లలోని యంత్రములలో ముందువైపు తలుపు గలవి సాధారణముగా ఒక్క విడతకు 50 లీటర్ల వరకు త్రాగును. పైనుండి బట్టలు వేయునవి 100 దాటినను ఆశ్చర్యము లేదు. అది తలచుకొనగనే మొదటి దినముననే నా గుండె జారినది.

మార్గము చూపినది మావారు చదివిన ఒక పుస్తకము. అమెరికా రచయిత జాన్ స్టయిన్‌బెక్ 1960లో, ట్రక్కు మీద గది కట్టించుకొని, చార్లీ అను కుక్కను వెంటబెట్టుకొని తన దేశమంతయు చుట్టివచ్చెను. ఆ యాత్రను గురించి 1962లో పుస్తకము ప్రకటించెను. ఆయన మూతగల బక్కెటులో నీరు, సబ్బుపొడి, బట్టలు వేసి, సాగెడి త్రాటితో బండిలో వ్రేలాడదీసెడివాడట. దినమంతయు బండి కుదుపులకు బట్టలు తమంత తామే ఉదుకబడెడివట. కుదుపుల విషయములో మన పల్లెబాటలు అమెరికాకు తీసిపోవు గనుక నేనును అట్లే చేసితిని. బిగుతైన మూతగల పెద్ద డబ్బాలో ఐదు లీటర్ల నీరు, కొలతకు తక్కువగా సబ్బుపొడి, సుమారు కిలో బరువుగల బట్టలు వేసి పడక క్రింద బిగించితిని. నిండుగ వేయరాదు. మూడవవంతు ఖాళీ ఉండవలె, లేనిచో బట్టలు కదలవు. పెనుకొండ దాటునప్పటికి పిల్లల చొక్కాల మురికి నీటిలోనికి దిగినది.

అసలు చిక్కు ఉదుకుటలో లేదు, జాడించుటలో ఉన్నది. నీరు త్రాగునది జాడింపే. ఇక్కడ ఒక చిన్న లెక్క వినుడు. చేత గట్టిగా పిండిన నూలుబట్ట సుమారు తన బరువంత నీటిని ఇంకను పట్టుకొని యుండును. అనగా కిలో బట్టలలో ఒక లీటరు సబ్బునీరు మిగిలినది. దానిని తొమ్మిది లీటర్ల నీటిలో ఒక్కమారు జాడించి పిండినచో సబ్బులో పదవవంతు బట్టలోనే ఉండును. ఆ తొమ్మిది లీటర్లనే మూడేసి లీటర్లుగ మూడుమారులు పోసి, ప్రతిమారును గట్టిగా పిండినచో, మిగులునది అరువదినాలుగవ వంతు మాత్రమే. నీరు అంతే, ఫలము మాత్రము ఆరు రెట్లకు పైగా ఎక్కువ. ఉదుకుటకు ఐదు, జాడించుటకు తొమ్మిది, వెరసి 14 లీటర్లు. నా వాటాలో ఒక లీటరు మిగిలినది కూడ! ఈ లెక్క రాకపోయినను మా అత్తగారు తమ చిన్ననాటినుండి ఇట్లే చేయుచున్నారు. మూడవ జాడింపు నీటిని మరునాటి ఉదుకునకు దాచవచ్చును. మొదట పిల్లల బట్టలు, చివర మసిగుడ్డలు అను క్రమము మాత్రము తప్పరాదు.

నీటి గుణము మరియొక సంగతి. ఈ ప్రాంతపు బోరుబావుల నీరు చాలచోట్ల కఠినజలము. అందులోని కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలసి తెల్లని తెట్టుగ మారి బట్టకు అంటుకొనును. నురుగు రాదు. సబ్బు ఎంత రుద్దినను వృథా. దీనిని కనుగొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. కందిపప్పు ఎంతకును ఉడకనిచో ఆ నీరు బట్టలకును పనికిరాదని మా అత్తగారి తీర్పు. అది శాస్త్రమునకును సరిపోవును. ఇట్టి నీటిలో ముందుగ చిటికెడు చాకలిసోడా కలిపినచో ఆ లవణములు విడివడి, సబ్బు పనిచేయును. పూర్వము రజకులు చవుటిమట్టితో ఉబ్బ వేయుటలోని మర్మమును ఇదియే. చవుటిలో సహజముగ ఉండునది ఆ సోడాయే. కుంకుడురసము కఠినజలములోను తెట్టు కట్టదు. ఒక చిన్న సీసాడు వెంట ఉంచుకొనుట మంచిది.

తొట్టి ఎక్కడ నింపుకొనవలెను? పుట్టపర్తికి ముందు ఒక పల్లెలో వీధి కుళాయి చూచి బండి ఆపితిమి. అక్కడ వరుసగ బిందెలు ఉన్నవి. మా తొట్టి నిండుటయన ఆరేడు బిందెల నీరు. ఆ వరుసను, మా రబ్బరు గొట్టమును ఒకమారు చూచుకొని, మావారు మాటాడక బండి కదలించిరి. తరువాత పెట్రోలు బంకులో డబ్బు చెల్లించి నింపించుకొంటిమి. ఈ అనంతపురపు మెరకసీమలో సాలుకు కురియు వాన 55 సెంటీమీటర్లు మాత్రమే. అదియు ఏకరీతిగ కురియదు. 1990 దశకపు నడుమ సత్యసాయి త్రాగునీటి పథకము వలన నాటి అనంతపురము జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామములకు నీరు చేరినది. ఐనను గొఱ్ఱెలకు కుళాయి ఎవరు వేయుదురు? ఆ పాఠము నాకు చిత్రావతిలో తెలిసినది.

చిత్రావతి కర్ణాటకములో చిక్కబళ్ళాపురము వైపున పుట్టి, బాగేపల్లి మీదుగ వచ్చి, పుట్టపర్తిని తాకుచు పోయి కడపసీమలో పెన్నను కలియును. మేము పోయిన దినములలో అది నది గాదు, ఇసుకబాట. ఊరికి ఎగువన గట్టుమీద బండి నిలిపితిమి. మధ్యాహ్నము ఉదుకుడబ్బా విప్పి, ఆ మురికినీటిని పారబోయుటకు ఇసుకలోనికి దిగితిని. ఇంత ఇసుకలో ఐదు లీటర్లు ఎంత! డబ్బా వంచబోవుచుండగ వెనుకనుండి కేక వినవచ్చినది.

"ఓ తల్లీ, ఆ నీళ్లు ఆడ పొయ్యాకు!"

గొఱ్ఱెలను తోలుకొని వచ్చుచున్న ఒక ముసలవ్వ. పది బారల దూరములో ఇసుక తవ్విన చిన్న గుంట ఉన్నది, అడుగున తేటనీరు. నేను దానిని గమనింపనేలేదు.

"ఇసుకే కదా అవ్వా, ఇంకిపోతాయి" అంటిని.

"ఇంకి యాడికి పోతాయి? మా చెలమలోకే వస్తాయి. సబ్బు వాసనొస్తే గొర్రె మూతి పెట్టదు. ఆ యెనక నేను యాడికి తోలుకపోవల్ల?"

ఆమె చెప్పినది అక్షరాల నిజము. పైకి ఎండిన ఏటిలోను ఇసుక అడుగున నీరు మెల్లగ కదలుచుండును. చెలమలో ఊరునది ఆ నీరే. ఇసుక బురదను వడగట్టగలదు గాని నీటిలో కరగిన సబ్బును ఆపలేదు. ఇది నేను పాఠ్యపుస్తకములో చదివినదే. చదివినది ఆ గట్టుదాక నాతో రాలేదు. డబ్బాకు మూతపెట్టి, మరి ఎక్కడ పోయుదునని అడిగితిని. "గట్టెక్కి, ఆ కానగచెట్ల కింద పొయ్యి. దినమూ ఒకే మాను కింద మాత్రం పొయ్యాకు, అది చచ్చిపోతాది" అని ఆమె గొఱ్ఱెలను చెలమ వైపు తోలుకొని పోయినది. అటుపిమ్మట మురికినీటి డబ్బా వేరు, మంచినీటి తొట్టి వేరు అను నియమము పెట్టుకొంటిమి. ఏరు, బావి, బోరు కనబడిన చోట మూత తీయలేదు. అంతకుముందు దినములలో ఎక్కడెక్కడ ఏమి పారబోసితినో జ్ఞప్తికి తెచ్చుకొనుట నాకు ఇప్పటికిని ఇష్టము లేదు.

ఆరవేయుటలో మాత్రము ఈ సీమ ఉదారమైనది. గాలిలో తేమ తక్కువ, ఎండకు లోటు లేదు. పలుచని పంచె అరగంటలో ఆరినది. జ్యేష్ఠాషాఢములలో వీచు గాలికి తాడొక్కటి చాలదు. గట్టి క్లిప్పులు కావలెను. రామగిరి కొండలమీద గాలిమరలు పెట్టినది ఊరకే గాదు. తుమ్మకంప మీద ఆరవేయుట కన్న చినిగిన బట్ట కట్టుకొనుట సులభము. రంగుబట్టలను లోవైపు తిప్పి ఆరవేయవలె. తెల్లని టర్కీ తువాళ్ళు, దళసరి జీనుగుడ్డ ఇంట వదలి, తుండుగుడ్డలు, పలుచని నూలుబట్టలు తెచ్చుకొన్నవారు సుఖపడుదురు. సామీప్యమున ధర్మవరము ఉన్నది గనుక పట్టుచీర కొనక మరలుట కష్టమే. కొన్నను దానిని ఈ డబ్బా దరికి చేర్పరాదు. నీడలో గాలికి ఆరగట్టి మడిచిపెట్టుటయే దానికి ఉదుకు. ఒకటి రెండు దినములు నిలుచు ఊరిలోనైతే బరువైన దుప్పట్లను లాండ్రీకి ఇచ్చుటయే మేలు. ఆ రూకలు మిగుల్చుకొన్నందువలన బాగుపడినవారు లేరు.

కదిరి దారిలో గాలికి ఒక క్లిప్పు ఊడి, మావారి మల్లుపంచె ఎఱ్ఱమట్టిలో దొర్లినది. సోడా పెట్టితిని, కుంకుడురసము పెట్టితిని, ఇంటికి వచ్చిన తరువాత యంత్రములో రెండుమారులు వేసితిని. అంచున జానెడు మేర ఆ ఎఱుపు నేటికిని పోలేదు. పండుగనాడు మావారు ఆ పంచెనే కట్టుకొందురు.