దేశాల సంఘాలు – మన సంఘాలు



ఐక్యరాజ్య సమితి, ప్రపంచ బ్యాంకు, సార్క్ అనే పేర్లు టీవీ వార్తల్లో వినుడే తప్ప, టేకుమట్లలో ఉన్న మనకు వాటితో ఏం పని అని చాలామందిమి అనుకుంటం. కానీ మనం కూర్చున్న ఈ సమాఖ్య వెనుక ఆ మూడూ ఉన్నయి.

1985 డిసెంబర్‌లో ఢాకాలో ఏడు దేశాలు కలిసి సార్క్ పెట్టుకున్నయి. మన దేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక, భూటాన్, మాల్దీవులు. 2007లో ఆఫ్ఘనిస్తాన్ చేరింది. పేదరికం ఎట్ల పోతదో చెప్పుమని ఈ దేశాలు ఒక కమిషన్ వేసినయి. పేదలకు పైనుంచి పంచితే సరిపోదు, పేదలే సంఘాలుగా కూడాలె, పొదుపు చెయ్యాలె అని 1992లో ఆ కమిషన్ చెప్పింది. 1993లో దేశాలన్నీ ఒప్పుకున్నయి. ఆ మాట పట్టుకొని ఐక్యరాజ్య సమితి వాళ్ల యూఎన్‌డీపీ, 1995 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పని మొదలుపెట్టింది. డ్వాక్రా సంఘాలు అంతకుముందే ఉన్నయి. వాటిని ఊరికి గ్రామ సంఘంగా, మండలానికి సమాఖ్యగా కలిపే పద్ధతి ఆ పనిలో గట్టిపడ్డది.

2000లో సెర్ప్ వచ్చింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు మొదట ఆరు జిల్లాల్లో నడిచింది, 2003లో మన ఉమ్మడి వరంగల్‌తో పాటు మిగతా జిల్లాలకు వచ్చింది. తర్వాత మన తెలుగు సంఘాల అక్కలే బీహార్ వంటి రాష్ట్రాలకు పోయి, భాష రాకున్నా అక్కడి ఆడవాళ్లతో సంఘాలు కట్టించిండ్రు.

ఇంకొక సంగతి. ప్రపంచ బ్యాంకు ఇచ్చింది దానం కాదు, అప్పు. దాన్ని తీర్చేది ప్రభుత్వం, అంటే మనందరి పన్ను పైసలు. ఆ బ్యాంకులో వాటా ఎక్కువున్న దేశం మాటకు బలం ఎక్కువ. ఐక్యరాజ్య సమితి పెద్ద సభలో 193 దేశాలకు తలా ఒక ఓటే, కానీ భద్రతా మండలిలో ఐదు దేశాల్లో ఏ ఒక్కటి కాదన్నా తీర్మానం ఆగిపోతది. మన సంఘంలో ఎంత పొదుపు ఉన్నా ఒక మనిషికి ఒక్కటే మాట. ఈ విషయంలో మన పద్ధతి వాళ్లకంటే మంచిది. కానీ లీడర్ ఇంట్లో తీర్మానం రాసి, సంతకాల కోసం పుస్తకం ఇల్లిల్లు తిప్పితే మనం కూడా ఆ ఐదు దేశాల లెక్కనే అయితం.

కలిసి ఉంటే ఏమైతదో పోలియో చెప్తది. ఆ రోగానికి సరిహద్దు లేదు. ఒక దేశంలో మిగిలినా పక్క దేశానికి వస్తది. అందుకే 1988లో దేశాలన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఒక్క తీర్మానం చేసుకున్నయి. మనం పిల్లలను ఎత్తుకొని రెండు చుక్కలు వేయించినం. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది.

విడిపోతే ఏమైతదో సార్కే చెప్తది. అక్కడ అన్ని దేశాలు ఒప్పుకుంటేనే నిర్ణయం. 2014లో ఖాట్మండులో పెద్దలు కలిసిండ్రు. 2016లో ఇస్లామాబాద్‌లో కలవాల్సింది, మన దేశానికి పాకిస్తాన్‌కు నడుమ గొడవతో ఆగింది. ఆ తర్వాత అటువంటి సభ జరగలేదు. మన ఊర్లల్లో కూడా ఇట్లనే అయితది. ఇద్దరి నడుమ కిస్తీ పంచాయితీ వస్తది, మీటింగ్ ఆగుతది, పొదుపు ఆగుతది, బ్యాంకు లోను ఆగుతది. ఇద్దరి కొట్లాటకు పది ఇండ్లు నష్టపోతయి. కొట్లాట ఉన్న వారమే మీటింగ్ తప్పకుండా పెట్టుకోవాలె, ఎందుకంటే ఎదురెదురుగా కూర్చునే చోటు పోతే రాజీకి తొవ్వ ఉండదు.

2011లో మన సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి స్త్రీనిధి పెట్టుకున్నం. బయటి ప్రాజెక్టులకు గడువు ఉంటది, అయిపోయినంక మిగిలేది మన పొదుపు, మన పుస్తకాలు, మన మాట. కాబట్టి వచ్చే ఏడాదికి ప్రతి గ్రామ సంఘం మూడు పనులు తీర్మానం చెయ్యాలని కోరుతున్నం. మీటింగ్ తప్పొద్దు. తీర్మానం అందరి ముందు చదివినంకనే సంతకం పెట్టాలె. ఆగిపోయిన సంఘాల దగ్గరికి మనమే పోయి, వాళ్లను మళ్లీ కూర్చోబెట్టాలె.