మంచి రోజులు అయిపోయినాయా?

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



నేను పదో తరగతి దాకానే చదువుకున్నాను. పెద్ద పెద్ద మాటలు నాకు రావు. ఈ సంవత్సరం ఎంత లింకేజీ వచ్చింది, ఎంత రికవరీ అయింది అనే లెక్కలన్నీ ఇందాక చదివేశారు. ఆ లెక్కల్లోకి రాని మాట ఒకటి చెప్పి కూర్చుంటాను.

పోయిన నెల మా గ్రామ సంఘం మీటింగ్ అయిపోయి టీ తాగుతున్నాం. మా పాలెంలో మొట్టమొదటి సంఘం పెట్టిన పెద్దమ్మ ఒకామె ఉంది. డెబ్బై ఏళ్ళు దాటినాయి. ఆమె గ్లాసు కింద పెట్టి, "మంచి రోజులు అయిపోయినాయమ్మా. మా కాలంలో రూపాయి రూపాయి కట్టేవాళ్ళం, మనిషికి మనిషి ఉండేది. ఇప్పుడు మీకు లక్షలు ఉండాయి, మనుషులే లేరు" అనింది.

అందరం నవ్వేసినాం. ఇంటికి పోయినాక నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆ మాటలో నిజం ఎంత, మనం పోయిన కాలాన్ని ముద్దు చేసుకోవడం ఎంత అని ఆలోచించినాను.

ముందు ఆ కాలం ఎట్టా ఉండేదో చెప్పుకుందాం. నేను పుట్టింది 1989లో. మా నాన్న తెప్ప మీద వేటకు పోయేవాడు. తెప్ప ఒడ్డుకు లాగకముందే సారా ప్యాకెట్ల లెక్క రాసి పెట్టుకుని మనిషి నిలబడి ఉండేవాడంట. చేపలమ్మిన డబ్బులు ముందు సారాకి, మిగిలితే వడ్డీకి. నూటికి పది రూపాయల వడ్డీ. మా అమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, కాలవ దాటి పై ఊళ్ళకి నడిచిపోయి, చేపలిచ్చి వడ్లు తెచ్చేది. మా అమ్మ ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. ఎందుకో నేను అడగను, ఆమె చెప్పదు. మీలో చాలామందికి చెప్పకుండానే తెలుసు.

కాబట్టి ఆ రోజుల్ని మంచి రోజులు అనడానికి నాకు నోరు రాదు. మరి పెద్దమ్మ దేన్ని తలుచుకుంటున్నట్టు?

మన జిల్లాలో దూబగుంట ఉంది. అప్పట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం కింద రాత్రి బడులు నడిచేవి. పగలంతా కూలికి పోయిన ఆడోళ్ళు రాత్రి లాంతరు కాడ కూర్చుని అక్షరాలు దిద్దినారు. ఆ వాచకంలో సారా వల్ల నాశనమైన సీతమ్మ కథ ఉండేది. చదివినోళ్ళకి అది సీతమ్మ కథలాగా అనిపించలా, మన ఇంటి కథే అనిపించింది. 1992లో దూబగుంట రోసమ్మ, ఆ ఊరి ఆడోళ్ళు సారాని ఊళ్ళోకి రానివ్వం అని నిలబడినారు. ఆ మాట ఊరు మీద ఊరు పాకింది. నెల్లూరులో సారా వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడినాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించినారు.

సారాకి పోయే డబ్బులు ఇంట్లో మిగిలితే వాటిని ఏం చేయాలి? అప్పుడే 1993లో మన జిల్లాలో పొదుపులక్ష్మి మొదలైంది. రోజుకో రూపాయి. మా పాలెంలో పెద్దమ్మ, మా అమ్మ, ఇంకా పదమూడు మంది, మొత్తం పదిహేను మంది చేరినారు. నెలకి మనిషికి ముప్పై రూపాయలు, సంఘానికి నాలుగు వందల యాభై. ఇప్పుడు ఒకసారి ఫోన్ రీఛార్జికి సరిపోయే డబ్బులు. ఆ నాలుగు వందల యాభై చుట్టూ పదిహేను మంది గంటసేపు కూర్చుని, ఈ నెల ఎవరికి అవసరం ఎక్కువ అని మాట్లాడుకునేవాళ్ళంట. మా అమ్మ మొదటి అప్పు రెండు వందలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి. ఆ రోజు అమ్మ ఇంటికి వచ్చి, "మొదటిసారి ఎవురి కాళ్ళూ పట్టుకోకుండా అప్పు తెచ్చినా" అనిందని అమ్మమ్మ చెప్పేది.

2004 డిసెంబరు 26, ఆదివారం. నేను టెన్త్ చదువుతున్నాను. పొద్దున్నే సముద్రం పాలెంలోకి వచ్చేసింది. అందరం పరుగెత్తినాం. పిల్లల్ని ఎత్తుకున్నోళ్ళు పిల్లల్ని ఎత్తుకున్నారు, ముసలోళ్ళని పట్టుకున్నోళ్ళు ముసలోళ్ళని పట్టుకున్నారు. ఈ పెద్దమ్మ మాత్రం ఒక చేత్తో మనవడిని, నెత్తి మీద సంఘం పుస్తకాల రేకు పెట్టెని మోసుకొచ్చింది. బంగారం, చీరలు ఇంట్లోనే వదిలేసింది. తర్వాత శనివారం బడి వరండాలో, పులుసు మరకల చాప మీద కూర్చుని సంఘం మీటింగ్ పెట్టినారు. వలలు పోయినోళ్ళకి ముందు, ఇల్లు పోయినోళ్ళకి ముందు అని వాదించుకున్నారు, ఏడ్చినారు, తీర్మానం రాసినారు. ఆ తీర్మానం రాసింది నేనే. మా అమ్మావాళ్ళలో గబగబా రాసేవాళ్ళు లేక నన్ను కూర్చోబెట్టినారు. నేను సంఘంలోకి వచ్చింది ఆ రోజే అనుకుంటాను.

పెద్దమ్మ తలుచుకునేది ఆ చాపని. కష్టాన్ని కాదు, రూపాయిని కూడా కాదు. కలిసి కూర్చోవడాన్ని.

ఇప్పుడు మన కాలం సంగతి. మంచి జరగలేదు అంటే కళ్ళు పోతాయి. బ్యాంకులో పూచీ లేకుండా సంఘానికి 20 లక్షల దాకా అప్పు పుడుతుంది. మన ఇళ్ళు చూడండి, మన పిల్లల చదువులు చూడండి. మా అమ్మ వేలిముద్రతో మొదలుపెట్టింది, నా కూతురు ఇంజనీరింగ్ చదవాలంటోంది.

భయం లేదని కూడా అనను. మన తీరం బతుకంతా రొయ్య మీద, చేప మీద ఉంది. తొంభైల్లో టైగర్ రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చి, చెరువులు ఎండబెట్టి, ఊళ్ళకి ఊళ్ళే అప్పుల పాలైనాయి. తర్వాత వనామీ వచ్చి మళ్ళీ లేచినాం. 2025 ఆగస్టులో అమెరికా వాళ్ళు మన దేశం సరుకు మీద సుంకం 50 శాతం చేసినారు. ఎక్కడి అమెరికా, ఎక్కడి మన పాలెం! షెడ్డులో రొయ్య తలలు తీసే మా చెల్లెళ్ళకి వారంలో ఆరు రోజులుండే పని మూడు రోజులకి పడింది. ఇట్టాంటివి మన చేతిలో లేవు. కాలం మంచిదైనా, చెడ్డదైనా మన చేతిలో ఉండేది ఒకటుంది. దాన్ని నేనే పాడు చేసుకున్నాను. ఆ సంగతి చెప్పడానికే ఈ మైకు పట్టుకున్నాను.

కరోనా తర్వాత మా సంఘంలో మీటింగ్‌లు పలచబడినాయి. ఒకరికి షెడ్డు పని, ఒకరికి పిల్లల ట్యూషన్. నేను ఏం చేసినానంటే, తీర్మానాల పుస్తకం సంచిలో పెట్టుకుని ఇంటింటికీ పోయి సంతకాలు పెట్టించుకునేదాన్ని. పొదుపు ఫోన్‌లో పంపించేవాళ్ళు. బ్యాంకు అప్పు వస్తే పది భాగాలు చేసి పంచేసేవాళ్ళం. కిస్తీలు ఒక్క నెల తప్పలేదు. కాగితం మీద మా సంఘం ఏ గ్రేడు. నాకు లోలోపల గర్వం కూడా.

ఈ సంవత్సరం వేట నిషేధం రోజులు, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, సంపాదన లేదు. ఆ టైములో మా సంఘంలోనే ఒక చెల్లెలికి బిడ్డ జ్వరానికి అయిదు వేలు కావాల్సి వచ్చింది. ఆమె ఒప్పుకున్నాకే చెబుతున్నాను, పేరు చెప్పను. ఆమె ఫోన్‌లో ఏదో యాప్‌లో అప్పు తీసుకునింది. ఎనిమిది వేలు అని చూపించి, చేతికి అయిదు వేల రెండు వందలు వేసినారు. ఏడు రోజుల్లో ఎనిమిది వేలూ కట్టాలంట. అది తీర్చడానికి ఇంకో యాప్, దాన్ని తీర్చడానికి వారం వడ్డీ. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ నీ ఫోటో పంపిస్తాం అని బెదిరించినారు. కమ్మలు అమ్మేసింది. జూలైలో కూతుర్ని కాలేజీ మాన్పించి షెడ్డుకు పంపింది. అప్పుడు తెలిసింది నాకు. ఆ రెండు నెలల్లో నేను వాళ్ళ ఇంటికి నాలుగుసార్లు పోయినాను, సంతకం కోసం. నాలుగుసార్లూ గుమ్మం కాడ పుస్తకం చాపినాను, ఆమె సంతకం పెట్టింది, నేను వచ్చేసినాను. చెవులకి కమ్మలు లేవని కూడా చూడలేదు.

ఆ రోజు మా సంఘం పొదుపు ఖాతాలో 1,46,000 రూపాయలు ఉన్నాయి. అందులో ఆమె కట్టింది కూడా ఉంది.

నేను కోపంగా అడిగినాను, "నన్నెందుకు అడగలేదే?" అని. ఆమె చెప్పిన జవాబు ఇది: "మీటింగ్ ఉంటే మీటింగ్‌లో అడిగేదాన్నక్కా. మీటింగ్‌లో అడిగితే అది నా సంఘం. మీ ఇంటికొచ్చి అడిగితే అది చెయ్యి చాపడం."

అక్కలారా, నేను లీడరునై పన్నెండేళ్ళు. పంచసూత్రాలు నిద్రలో లేపినా చెబుతాను. క్రమం తప్పని మీటింగ్, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. మీటింగ్‌ని మొదట ఎందుకు పెట్టినారో నాకు ఆ రోజు అర్థమైంది. మీటింగ్ పోతే అంతర్గత అప్పు పోతుంది. అది పోతే మన డబ్బు బ్యాంకులో, మన మనిషి వడ్డీ వాడి గుమ్మంలో.

పోయిన ఆగస్టు నుంచి మళ్ళీ కూర్చుంటున్నాం. శనివారం సాయంత్రం అయిదున్నరకి, గంగమ్మ గుడి వేపచెట్టు కింద. మొదటి వారం పది మందిలో ఆరుగురే వచ్చినారు. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది మంది వస్తున్నారు. పొదుపులోనుంచి ఆ చెల్లెలికి అప్పిచ్చి వారం వడ్డీ తీర్పించినాం. యాప్ వాళ్ళ బెదిరింపుల మీద 1930 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టించినాం. ఇట్టాంటివి ఎవరికి జరిగినా ఆ నంబరు గుర్తు పెట్టుకోండి. బిడ్డ మళ్ళీ కాలేజీకి పోతోంది. పోయిన కమ్మలు రాలేదు. పోయిన నెల చదువు కూడా రాలేదు. ఆ తప్పులో సగం నాది.

ఇంకొక్క మాట. 1995లో తెచ్చుకున్న మద్య నిషేధం రెండేళ్ళే ఉంది. 1997లో సడలించినారు. ఖజానాకి ఆదాయం కావాలన్నారు. అప్పటికి మన ఆడోళ్ళు గెలిచినాం అనుకుని ఇళ్ళకి పోయినారు అంటుంది మా అమ్మ. మంచి రోజు వానలాగా ఎవురో కురిపిస్తే వచ్చేది కాదు. పంటకి కాపలా ఉన్నట్టు కాపలా ఉండాలి. మా పాలెంలో పెద్ద కాపులు దురాయి వేస్తే ఏ పడవా దాటదు. అది మగోళ్ళ కట్టుబాటు. మన కట్టుబాటు మన తీర్మానం. కూర్చోకుండా గుమ్మం కాడ రాసిన తీర్మానానికి ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకని ఈ సభ ముందు మూడు కోరికలు పెడుతున్నాను. ఒకటి, ఇంటింటికీ తిరిగి పెట్టించిన సంతకాన్ని ఇక మీదట మీటింగ్ కింద లెక్కకట్టవద్దు. గ్రేడు పడిపోయినా సరే. రెండు, ప్రతి సంఘం సొంత పొదుపులో కొంత చిన్న అప్పులకని పక్కన పెట్టాలి. అడిగిన వారంలోనే ఇవ్వాలి. వేట నిషేధం రెండు నెలలూ అది ఖాళీ కాకూడదు. మూడు, మీటింగ్ మొదట్లో పొదుపు వసూలుకి ముందు, ఒక్కొక్కరినీ "ఇంట్లో ఎట్టా ఉంది?" అని అడగాలి. జవాబు వినాలి.

పెద్దమ్మ ఈ రోజు రాలేదు, మోకాళ్ళ నొప్పులు. వచ్చే ముందు ఆమె దగ్గరికి పోయి, "మంచి రోజులు అయిపోయినాయి అన్నావు గదా, ఆ మాట సభలో చెప్పమంటావా?" అని అడిగినాను. కాసేపు ఆలోచించి, "చెప్పు. శనివారం నన్ను కూడా ఆటోలో ఎక్కించుకుని చెట్టు కిందకి తీసుకుపోతానని కూడా చెప్పు" అనింది.

చెప్పినాను. తీసుకుపోతాను.