పాతిక థౌ సందు



గుంటూరు, ఒంగోలు మధ్య తిరిగే డిపార్టుమెంటు జీపులు, అంబాసిడర్లు బాగుచేస్తూ నా సర్వీసు గడిచింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగినా, పాత బండిని వదల్లేని వాళ్ళం కొందరం ఉన్నాం. వారికే ఈ నాలుగు మాటలు.

చిలకలూరిపేట దాటాక బండి ఎక్కిళ్ళు పెడితే, కాయిలు మార్చాలంటారు, కార్బురేటరు విప్పాలంటారు. ముందు ప్లగ్గులు చూడండి. పాత 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు ప్లగ్గు గ్యాపు 25 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పాతిక వంతులు, సుమారు 0.64 మిల్లీమీటర్లు. వాడకంలో ఎలక్ట్రోడు అరిగి సందు పెరుగుతుంది. అది దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి; బరువు మీద నిప్పురవ్వ తప్పుతుంది. సందు మరీ తగ్గితే రవ్వ చిన్నదై, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను వణుకుతుంది.

ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పి, ఫీలర్ గేజితో కొలిచి, పక్క కొమ్మునే వంచాలి. నడిమిదాన్ని కదపకూడదు. గ్యాపు సరిచేసినా ఎక్కిళ్ళు ఆగకపోతే అప్పుడు కాయిలు సంగతి.

పిల్లల కొత్త కార్లకు ఈ కొలత పనికిరాదు. వాటికి కంపెనీ పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. ఇరిడియం ప్లగ్గుల జోలికి అసలు పోవద్దు.

కాలని పెట్రోలు సైలెన్సరులోంచి పోతుంటే, పోయేది మన పెన్షనే. సెలవు.