అందరి పనిశాల
(కల్మలలో ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)

పంచాంగ శ్రవణం అయిన తరువాత, భోజనాలకు ముందు మాట్లాడవలసి రావడం ఏ వక్తకూ శుభయోగం కాదు. పులిహోర వాసన మాకూ తగులుతూనే ఉన్నది. అయినా ఈ ఏడు సంఘం తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది గనుక కాస్త ఓపిక పట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

సంఘం చేతిలో కొద్దిపాటి సొమ్ము ఉన్నది. దానితో మరి రెండు గదులు కట్టి పెళ్ళిళ్ళకు అద్దెకిద్దామని కొందరు, ఊరుమ్మడిగా ఒక పనిశాల పెడదామని కొందరు అంటున్నారు. మేము రెండవ పక్షం. పట్టణాలలో దీనిని మేకర్‌స్పేస్ అంటున్నారు. పేరు చూసి జంకవద్దు. డ్రిల్లింగు మిషను, వెల్డింగు మిషను, వడ్రంగి బల్ల, కరెంటు పనికి కావలసిన సామాను, వీలైతే ఒక లేతు, ఇవన్నీ ఒకచోట ఉంచి, అవసరమున్నవారు వచ్చి తమ పని తామే చేసుకోవడం, తెలిసినవారు తెలియనివారికి చూపించడం. విషయమంతా ఇంతే.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఆ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాలనుంచి మనవారు ఈ రాయచూరు సీమకు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. ఆ రోజులలో గునపం ఒక గుడిసెలో ఉంటే గొడ్డలి మరొక గుడిసెలో ఉండేదని, అడగడానికి ఎవరూ మొహమాటపడేవారు కాదని పెద్దలు చెబుతారు. ఇప్పుడు ఇంటింటా మోటారు ఉన్నది, స్ప్రేయరు ఉన్నది, కొందరికి ట్రాక్టరు ఉన్నది. విప్పి చూడగలవారు మాత్రం తక్కువయ్యారు. మాలో ఒకరికి నాట్ల వేళ పంపు చెడిపోయింది. పట్నంలో ఒక కొట్టులో ఇస్తే రేపు, ఎల్లుండి అని నాలుగు రోజులు తిప్పారు. ఈలోగా నీటి వంతు కాస్తా దాటిపోయింది. కాలువ చివరి భూములవారికి నాలుగు రోజులంటే ఏమిటో మేము వేరే చెప్పనక్కరలేదు. తీరా చూస్తే పోయినది చిన్న బుష్షు. లేతు ఉన్నచోట అది పూట పని కూడా కాదు.

అయితే బాగుచేసుకోవడం ఒక్కటే అయితే కొట్టువాడు చాలును. పనిశాల వేరే ఎందుకు కావాలో తెలియడానికి ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి కథ వినాలి. పోచంపల్లి రకం చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా నాటిన మేకుల చుట్టూ నూలును చేతితో తిప్పాలి. ఒక చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడాలి. రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు. ఇది ఇంటి ఆడవారి పని. తల్లి లక్ష్మి గారు భుజం నొప్పితో పడే బాధ చూడలేక, ఆరవ తరగతితో చదువు ఆపిన ఆ కుర్రవాడు 1992లో యంత్రం మొదలుపెట్టాడు. పూర్తయింది 1999లో! మధ్య ఏడేళ్ళు అప్పులు, ఎగతాళి. హైదరాబాదులో కూలి పని చేసి, ఆ డబ్బుతో సామాను కొనుక్కున్నాడు. చివరకు చిక్కుపడిన ఆ ఒక్క కదలిక ఎలా తెగిందనుకున్నారు? బాలానగర్‌లో ఒక కర్మశాలకు పనికి వెళ్ళి, అక్కడ మరేదో పనికి ఆడుతున్న యంత్రాన్ని చూశాడు. మార్గం తోచింది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. తల్లి పేరే ఆ యంత్రానికి పెట్టాడు.

మాకు ఆ కథలో పద్మశ్రీ కంటె బాలానగర్ ముఖ్యంగా కనిపిస్తుంది. పక్కవాడి యంత్రం కళ్ళబడే చోటు ముందే ఊరిలో ఉంటే, ఆ ఏడేళ్ళలో ఎన్ని ఏళ్ళు తగ్గేవో! ఇటువంటివారిని వెతుక్కుంటూ బ్రిగేడియర్ గణేశం గారి పల్లె సృజన సంస్థ 2005 నుంచి ఊళ్ళవెంట కాలినడకన తిరుగుతున్నది. వెతకడానికి వాళ్ళు వచ్చేదాకా కూర్చోవడం మనకు మర్యాద కాదు.

హైదరాబాదు రాయదుర్గంలో 2023 మార్చి 2న టి-వర్క్స్ ప్రారంభమైంది. 78,000 చదరపు అడుగులు, ప్రభుత్వపు పని. అంతటిది మనవల్ల కాదు, మనకు అక్కరా లేదు. మనకు పోలిక పుణె జిల్లాలోని పాబల్. వట్టి మెట్ట పల్లె. పెద్ద కంపెనీలో శాస్త్రజ్ఞుడుగా ఉన్న శ్రీనాథ్ కల్బాగ్ గారు ఆ ఉద్యోగం వదలి, 1983లో అక్కడ విజ్ఞాన్ ఆశ్రమం పెట్టారు. బడి మానేసిన పిల్లలే విద్యార్థులు. వెల్డింగు, కరెంటు పని, సేద్యం చేస్తూ నేర్చుకోవాలి, ఊరివారికి కావలసిన పని చేసిపెట్టాలి. త్రికోణపు చట్రాలు బిగించి గుమ్మటం ఇళ్ళు కట్టే పద్ధతిని వారు వ్యాప్తిలోకి తెచ్చారు. 2002లో అమెరికాలోని ఎం.ఐ.టి.వారు ఫ్యాబ్ ల్యాబ్‌ను తమ దేశం బయట పెట్టదలచినప్పుడు, తొలుతగా చూసుకున్న చోట్లలో ఆ పల్లె ఒకటి. యంత్రాలు రాకముందే అక్కడ పందొమ్మిదేళ్ళుగా చేతులు పని చేస్తున్నాయి మరి.

ఇక మా తప్పు కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మేమే పట్టుబట్టి కుట్టు మిషన్లు కొనిపించి ఒక గదిలో పెట్టాము. పోతాయేమోనని తాళం వేశాము. తాళంచెవి మాలో ఒకరి మొలకు ఉండేది. ఆడవారు రెండు మూడుసార్లు వచ్చి, అడగలేక వెళ్ళిపోయారు. ఎలుకలు బెల్టులు కొరికినాక గాని మాకు సంగతి తెలియలేదు. పోయినా ఫరవాలేదనుకున్న సామానే పనికి వస్తుందని అప్పుడు బుద్ధి వచ్చింది.

అందుచేత ఈసారి కొనుగోలు చివరకు పెట్టి, కలవడం ముందు పెట్టాలంటున్నాము. వారానికి ఒక సాయంత్రం అందరూ చేరాలి. ఎవరి పొలంలో ఏ పని చేతులను ఎక్కువ నొప్పిస్తున్నదో వారు చెప్పాలి. పత్తి తీసేవారు, మిరప కోసేవారు ఎక్కువగా స్త్రీలే. వారు మాట్లాడకపోతే మన కుర్రవాళ్ళు మళ్ళీ మోటారు సైకిళ్ళనే విప్పుతారు. (విప్పనివ్వండి, కాని అవే కాకూడదు.) రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉన్నది, మన సందేహాలతో అక్కడికి వెళ్ళి అడగవచ్చును. ఊరి కన్నడ కమ్మరులను, వడ్రంగులను ముందుగా పిలవాలి. వారి కొలిమికి పోటీగా ఇది పెడితే మేము ఒప్పుకోము. వారే నేర్పేవారు కావాలి, వారి రోజుకూలి సంఘం ఇవ్వాలి. వెల్డింగు అద్దాలు లేకుండా, తెలిసినవారు పక్కన లేకుండా పిల్లలను మిషను ముట్టనివ్వకూడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉందాము.

అద్దె గదులు కట్టేవారితో మాకు తగాదా లేదు. గదులు డబ్బు తెస్తాయి, పనిశాల మొదట తినేస్తుంది. అది దాచి ఓటు అడగము. ఒక ఏడు చూడండి, జమాఖర్చు వచ్చే ఉగాదికి ఇదే చోట చదువుతాము.

వచ్చే ఆదివారం సాయంత్రం సంఘం షెడ్డులో మొదటి కలయిక. డ్రిల్లింగు మిషను ఒకరు అరువిస్తామన్నారు, వెల్డింగు అద్దాలు మేము తెస్తాము. అటకల మీద పడి ఉన్న స్ప్రేయర్లు పట్టుకురండి. తాళంచెవి షెడ్డు గుమ్మంలోనే మేకుకు వేలాడుతూ ఉంటుంది.