నల్లసముద్రపు వాకిలి

రష్యా పటమున విశాలమే గాని, దాని ఉత్తరపు రేవులలో పెక్కు శీతకాలమున గడ్డకట్టును. జారు చక్రవర్తుల చూపు దక్షిణమునకు మరలుటకు ఇది యొక ముఖ్యకారణము. 1783లో కాథరిన్ రాణి క్రిమియాను కలుపుకొని, ఆ యేటనే సెవాస్తపోల్ రేవును స్థాపించెను. ఇల్లు దొరకినది గాని వీధితలుపు తాళము టర్కీ సుల్తాను చేత నుండెను. నల్లసముద్రపు ఓడలు బాస్ఫరస్, డార్డనెల్స్ జలసంధులు దాటక మధ్యధరా సముద్రము చేరజాలవు.

క్రిమియా యుద్ధమున ఓడిన రష్యా, 1856 నాటి పారిస్ సంధిచే నల్లసముద్రమున నౌకాదళము నుంచు హక్కునే కోల్పోయెను. పదునాలుగేండ్లు ఓర్చెను. 1870లో ఫ్రాన్సు ప్రష్యాతో పోరాడుచుండ, అదను చూచి మంత్రి గోర్చకోవ్ ఆ షరతును త్రోసిపుచ్చెను. నేటి వార్తలు చదువువారు మరువరాని ఘట్టమిది.

1917లో జారులు పోయిరి, జలసంధులు కదలలేదు. 1946లో స్టాలిన్ ప్రభుత్వము వాని రక్షణలో తనకును పాలు కావలెననగా, బెదరిన టర్కీ పాశ్చాత్యుల పక్షము చేరి 1952లో నాటో సభ్యత్వము పొందెను.

చరిత్ర కోరికకు మూలము చూపును. పొరుగువాని నేలపై హక్కు నీయదు. ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవింతునని 1994లో బుడాపెస్టున సంతకము చేసిన రష్యాయే 2014లో క్రిమియాను ఆక్రమించెను. 2022లో అది ఉక్రెయిన్‌పై దండెత్తగా, టర్కీ 1936 నాటి మాంట్రో ఒడంబడికను చూపి, తమ స్థావరములకు మరలునవి తప్ప, పోరుదేశముల యుద్ధనౌకలకు ఆ తలుపు మూసెను.